కట్ట మీద ఉరుకుడు, చెరువుల మునుగుడు

పొద్దున్నే చెరువు కట్ట మీద పరుగెత్తడమంటే నాకు ప్రాణం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కణ్నించి ఆ కట్టను తిట్టబోతున్నాను. ఇష్టమున్న చోట తిట్లుండవని ఎవరైనా అనుకుంటే వాళ్లకు ఇంకా పెళ్లి కాలేదన్నమాట.

చెరువు పేరు రాయను. వరంగల్‌లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు, లేనివాళ్లకు చెప్పినా ఒకటే. మట్టెవాడలో మా ఇంటినుంచి స్కూటీ మీద పోతాను. నేను దవాఖానలో నర్సును. ఊళ్లోవాళ్ల షుగర్లు చూసీ చూసీ చివరికి నాకే షుగర్ వచ్చింది. డాక్టరు నడవమన్నాడు. నడిస్తే విసుగొచ్చింది. పక్కన నడిచే ఆడవాళ్లు కోడళ్ల కథలు చెబుతూ నడుస్తారు, అవి వినలేక ముందుకు ఉరికాను. అలా మొదలైంది నా పరుగు.

మొదట్లో ఒళ్లంతా నొప్పులు. చున్నీ ఎటు కట్టుకోవాలో తెలియదు. ఆయాసమొచ్చి రెయిలింగు పట్టుకుని నిలబడితే ఎవరో ఒకరు "హార్టు ప్రాబ్లమా మేడం" అనేవారు. తర్వాత్తర్వాత రుచి తెలిసింది. మెత్తని ఎర్ర ట్రాకు, కాళ్ల కింద కొంచెం లోపలికి పోయి పైకి లేపుతుంది. అటుపక్క నీళ్లు, ఇటుపక్క గడ్డి. గుట్టలమీంచి ఎండ పడే వేళకు నేను సగం దూరం పోయి ఉంటాను. అప్పుడు నాకు డ్యూటీ గుర్తుండదు, వార్డు గుర్తుండదు, మా ఆయన గురక గుర్తుండదు. ఊపిరి, అడుగు, ఊపిరి, అడుగు. ఈ వయసులో నా శరీరం నాకు ఇంత సంతోషమిస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. ఆ సంతోషం అబద్ధం కాదు. అదే నా బాధ.

ఇదే కట్ట నా చిన్నప్పుడు తుమ్మముళ్లు. బర్రెల పేడ, చాకిరేవు బండలు, చెంబులు పట్టుకుని వెళ్లే మగవాళ్లు. మా అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ముక్కు మూసుకోమని తీసుకెళ్లేది. దాని గురించి నాకు బెంగేమీ లేదు. పాతదంతా బంగారమనే రకం కాదు నేను. అప్పుడు కంపు కంపే, ముల్లు ముల్లే. కానీ నీళ్లు మాత్రం అందరివీ. బతుకమ్మ వేసేవాళ్లు దిగేవారు, బట్టలుతికేవాళ్లు దిగేవారు, చేపలోళ్లు దిగేవారు, మా చర్చివాళ్లూ దిగేవారు.

మా చర్చిలో బాప్తిస్మమంటే నెత్తి మీద నీళ్లు చల్లడం కాదు, మనిషి మొత్తం నీళ్లలో మునగాలి. పాస్టరయ్య నడుం లోతు నీళ్లలో నిలబడి, మనిషిని వెనక్కి వాల్చి ముంచి లేపుతాడు. పెద్ద మాట నోరు తిరగనివాళ్లు ఇళ్లల్లో దాన్ని 'ముంచుడు' అనే అంటారు. ఈస్టరుకు ఎంతమందిని ముంచుతాండ్రు, నువ్వెప్పుడు మునిగినవు, ఇట్లా. చిన్నప్పట్నించీ వింటున్నాం కాబట్టి ఆ మాటలో మాకు వేరే అర్థం వినపడదు. మా కొంప ముంచిందీ ఆ మాటే.

మా అమ్మ ఈ చెరువులోనే మునిగింది. ఆ రోజు ఒడ్డు మీద పొడి చీర పట్టుకుని నిలబడ్డది మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క. ఇద్దరూ కలిసి నాట్లకు పోయేవాళ్లు, కలిసి చర్చికి పోవడం మొదలుపెట్టారు. అమ్మ లేచి తడి చీరతో వచ్చాక, పాస్టరయ్య నీళ్లలోంచే పెద్దమ్మ వైపు చెయ్యి చాపి "నువ్వు గూడ రా అమ్మా" అన్నాడట. కట్ట మీద పెదనాయన నిలబడి ఉన్నాడు. దిగితే ఇంటికి రావద్దని ముందే చెప్పాడు. పెద్దమ్మ దిగలేదు. "వస్తనయ్యా, ఇప్పుడు గాదు. ఎప్పటికైన ఈ నీళ్లల్లకే వస్త" అని మాటిచ్చింది. తర్వాత అమ్మ చీర పిండి, కట్ట మీద ఆరేసి, ఇద్దరూ ఇంటికి నడిచి వచ్చారు.

ఆ మాట నలభై ఏళ్లు అలాగే ఉండిపోయింది. పెద్దమ్మ ప్రతి ఆదివారం చర్చికొస్తుంది, చివరి చాప మీద కూర్చుంటుంది. నెల మొదటి ఆదివారం యేసు చివరి విందు గుర్తుగా ప్రభు బల్ల ఉంటుంది. రొట్టె ముక్కల పళ్లెం చేతులు మారుతూ వస్తుంది. మునగనివాళ్లు తీసుకోకూడదు. పళ్లెం దగ్గరికి రాగానే పెద్దమ్మ తల దించుకుని కొంగు సర్దుకునేది. ఇటు మనిషి ఆమె ఒడి మీదుగా అటు మనిషికి అందించేవాడు. అమ్మ ఉన్నన్నాళ్లూ తన ముక్క తినేముందు ఒకసారి వెనక్కి తిరిగి అక్కను చూసేది. అమ్మ పోయాక అలా వెనక్కి తిరిగి చూసేది నేనే.

పెదనాయన పోయాక పిల్లల్లేని పెద్దమ్మను మా ఇంటికి తెచ్చుకున్నాను. కట్టకు కూడా వెంట తీసుకెళ్లేదాన్ని. నేను ఉరికేదాన్ని, తను సిమెంటు బెంచీ మీద కూర్చునేది. మొదటిరోజు నేను చెమటతో తిరిగి రాగానే నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవలు తరుముతాండ్రే నిన్ను?"

"ఎవ్వలు లేరు పెద్దమ్మా. ఊకనే ఉరుకుతాన."

"ఊకనే ఉరుకుడేందే? బస్సన్న పోతాందా?"

నాకు నవ్వాగలేదు. తనకూ ఆగలేదు. ఆ తర్వాత రోజూ నేను తిరిగి వచ్చేసరికి "దొరికిందా బస్సు?" అనేది. నా పరుగులో సగం సంతోషం ఆ బెంచీ దగ్గరుండేది, నిజం చెప్పాలంటే.

ఒకరోజు ఆమె బెంచీ మీద లేదు. రెయిలింగు పట్టుకుని కిందికి వంగి చూస్తోంది. బోట్లు ఎక్కడానికి కొత్తగా కట్టిన మెట్లు ఆ పక్కనే నీళ్లలోకి దిగుతాయి.

"గిక్కడనే బిడ్డా. మీ అమ్మ గీడనే మునిగింది. నేను గా పక్క నిలవడ్డ" అంది. రెయిలింగు వదిలి నావైపు తిరిగి, "ఇగ నన్ను ఆపేటోళ్లెవలున్నరే? ముంచుమని అయ్యగారికి జెప్పు" అంది. డెబ్బై దాటిన మనిషి, ముఖం చూస్తే పెళ్లి కుదిరిన పిల్లలా వెలిగిపోతోంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

అయ్యగారు, అంటే మా ఇప్పటి పాస్టరు, సంతోషించాడు. కొత్తాయన, చదువుకున్నాయన. "చెరువెందుకమ్మా, చర్చి వెనక తొట్టి కట్టించినం గద. టైల్సేసినం. నల్లా నీళ్లు, శుభ్రంగుంటయి" అన్నాడు.

"తొట్టిల మునుగుడేందయ్యా? నేనేమన్న మైలబట్టనా నానబెట్టనీకి?"

"నీళ్లు ఏడున్నా నీళ్లేనమ్మా."

"నీళ్లు నీళ్లే అయితే మరి చెరువుల మునిగితే ఏమాయె?" అంది పెద్దమ్మ. అయ్యగారు నవ్వి, పర్మిషన్ తెస్తే వస్తానన్నాడు.

పర్మిషన్ కోసం నేనే వెళ్లాను. కట్ట సంగతులు చూసే ఆఫీసరు మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు.

"ఫొటోషూటా మేడం? మెట్లకాడ ప్రీవెడ్డింగ్‌కు ఇస్తం. బర్త్‌డే అయితె గా గొడుగుల కింద ఇస్తం."

విషయం చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టాడు.

"నీళ్లల్ల దిగుడు లేదు మేడం. చూడనీకే గంతే. బతుకమ్మలకు గూడ పక్కన వేరే తొట్టి కట్టిచ్చినం గద. ఎవలను దిగనిస్తలేం."

అది నిజమే. మా పక్కింటావిడ పోయిన ఏడు ఆ సిమెంటు తొట్టిలో బతుకమ్మను వదిలి వచ్చి, ఇంట్లో బకెట్‌లో వేసినా అయిపోయేది అని రెండు రోజులు తిట్టింది. అంటే వాళ్లకూ తొట్టే, మాకూ తొట్టే. ఊరందరికీ తలా ఒక తొట్టి ఇచ్చి చెరువును మాత్రం ఫొటోలకు ఉంచుకున్నారు.

"ఒక్క ముసలమ్మ సారూ. ఒక్కసారి మునిగి లేస్తది. చెరువు అరిగిపోతదా?" అన్నాను. గొంతు కొంచెం లేచింది.

"అరుగుడు గాదు మేడం. నీళ్లు మంచియి గావు. మోరీ నీళ్లు ఇంక అండ్లకే కలుస్తానయి. మీరు నర్సంటాండ్రు, మీకు నేను జెప్పాల్నా?"

"మరి నీళ్లు బాగుచెయ్యకుండ పైన గీ సోకెందుకు సారూ? లైట్లెందుకు, ట్రాకెందుకు?"

ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. చిన్నగా నవ్వాడు.

"జనానికి గదే కావాలె గద మేడం. మీరు గూడ దినాం వస్తరు. నేను చూస్త. మస్తు ఉరుకుతరు."

చాయ్ చల్లారిపోయింది. లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చాక మా ఆయన తేల్చేశాడు. అడిగినందుకే వద్దన్నారు, అడగకుంటే ఎవడు చూస్తాడు, తెల్లారగట్ల పోయి రెండు నిమిషాల్లో పని కానిద్దాం అన్నాడు. మోరీ మురుగు సంగతి తెలిసిన నర్సును, ఆ మాటకు నేనే ముందు తలూపాను. ఒక్క మునకకు ఏమీ కాదు, ఇంటికొచ్చి డెట్టాల్ నీళ్లు పోస్తే పోతుందనుకున్నాను. అయ్యగారు కాస్త నసిగాడు కానీ పెద్దమ్మ ముఖం చూసి ఒప్పుకున్నాడు.

ఆ తెల్లవారి పెద్దమ్మ తెల్లచీర కట్టింది. చేతిలో పొడి చీర మడత నేను పట్టుకున్నాను. ఒకప్పుడు తను అమ్మ కోసం పట్టుకున్నట్టే. మేం నలుగురమే: అయ్యగారు, పెద్దమ్మ, మా ఆయన, నేను. వాకింగువాళ్లు అప్పుడప్పుడే వస్తున్నారు. అయ్యగారు ప్యాంటు మడిచి మెట్లు దిగాడు. పెద్దమ్మ రెండో మెట్టు దాకా దిగింది. నీళ్లు ఇంకా ఒక మెట్టు కింద ఉన్నాయి.

సెక్యూరిటీ అతను విజిలేసుకుంటూ వచ్చాడు. ఏటూరునాగారం దిక్కు మనిషి, కొత్తగా చేరాడు.

"ఏయ్, ఏం జేస్తాండ్రు ఆడ?"

బాప్తిస్మమంటే ఆఫీసు దాకా పోతుందని మా ఆయన తెలివిగా ఆలోచించాడు. తెలివి చూపిస్తూ, చెయ్యి ఊపుతూ అన్నాడు:

"ఏం లేదు తమ్మీ, మా ముసలమ్మను ముంచనీకి తెచ్చినం. రెండు నిమిషాల పనే. ముంచి పోతం."

ఆ మనిషి ముఖం తెల్లబోయింది. విజిల్ నోట్లో పెట్టుకుని ప్రాణం పోయేలా ఊదాడు. "ముసలమ్మను ముంచుతాండ్రు! ఉరుకుండ్రి!" అని ఒకటే కేక. ఎప్పుడూ నడిచే అంకుళ్లు సైతం ఆ రోజు ఉరికారు. ఎవరో అయ్యగారి చొక్కా పట్టుకున్నారు. ఇద్దరు ఫోన్లు తీశారు. నాతో రోజూ పక్కపక్కన పరుగెత్తే ఆమె నన్నే చూస్తూ "మేడం, మీరా?" అంది. చెబుతూనే ఉన్నాను, ఎవరూ వినడం లేదు. ఈలోగా పెట్రోలింగు పోలీసులొచ్చారు. వాళ్లలో ఒక ఆడ కానిస్టేబుల్, కాస్త నిదానస్తురాలు, పెద్దమ్మను అడిగింది.

"అవ్వా, భయపడకు. నిన్నెవలు ముంచుతాండ్రు?"

పెద్దమ్మ నన్ను కాపాడాలనుకుంది.

"నన్నెవ్వలు ముంచుతలేరు బిడ్డా. నా అంతట నేనే మునుగుదామని వచ్చిన. ఎన్నేండ్ల సంది అనుకుంటాన."

అంతే. గుంపంతా అయ్యో అంది. అయ్యగారి చొక్కా వదిలేశారు. ఇప్పుడు అందరికీ కథ అర్థమైపోయింది. కానిస్టేబుల్ ఆమెను రెండు రెక్కలూ పట్టుకుని ఒక్కొక్క మెట్టే పైకి ఎక్కించింది. బెంచీ మీద కూర్చోబెట్టి, సీసా మూత తీసి "తాగు అవ్వా. ఎంత కష్టమొచ్చినా గిట్ల చెయ్యద్దు. కోడలు మంచిగ చూస్తలేదా?" అంది నావైపు చూస్తూ.

"నేను కోడల్ని గాదు, బిడ్డను! చావనీకి గాదు, బాప్తిస్మానికి దెచ్చినం!" అని అరిచాను.

అయ్యగారు బైబిలు చూపించి వివరంగా చెప్పాక కొందరు నవ్వారు. కొందరు సందేహంగా చూశారు. పోలీసులు కూడా నవ్వి, "చెరువుల వద్దు సారూ, చర్చిల చేస్కోండ్రి" అని వదిలేశారు. గుంపు కదిలి మళ్లీ నడకలో పడింది. సెక్యూరిటీ అతను మాత్రం "నాకేమెర్క అక్కా, ముంచుతమన్నరు గద" అని నాలుగుసార్లు చెప్పుకున్నాడు. అతని తప్పేముంది? ఊళ్లో ఎవరు విన్నా అదే అనుకుంటారు.

పెద్దమ్మ సీసా నీళ్లు తాగలేదు. ఒళ్లో పెట్టుకుని చెరువును చూస్తూ కూర్చుంది. చీర అంచు కూడా తడవలేదు.

"పోయి చర్చి తొట్టిల కానిద్దాం అమ్మా. ఇప్పుడే పోదాం" అన్నాడు అయ్యగారు మెల్లగా.

"ఇగ వద్దయ్యా" అంది. "మునగకముందే ముంచిండ్రు గద నన్ను. మళ్లెందుకు ముంచుడు?"

అయ్యగారు తల దించుకున్నాడు. మా ఆయన అటు తిరిగి స్కూటీ తాళాల కోసం జేబులు వెతుక్కున్నాడు, తాళాలు చేతిలోనే ఉన్నాయి.

మధ్యాహ్నానికి వాకర్ల గ్రూపులో వీడియో వచ్చింది. కట్టపై వృద్ధురాలి ఆత్మహత్యాయత్నం, వాకర్ల చొరవతో తప్పిన ప్రమాదం అని కింద రాశారు. దానికి చేతులు జోడించిన బొమ్మలు, చప్పట్ల బొమ్మలు. నేను అసలు సంగతి రాశాను. ఒకరు 'ఓకే మేడం' అని పెట్టారు. ఇప్పటికీ ట్రాకు మీద ఎదురైనవాళ్లు ఆగి "మీ పెద్దమ్మకు డిప్రెషన్ తగ్గిందా మేడం?" అని అడుగుతారు. మంచివాళ్లే, మనస్ఫూర్తిగా అడుగుతారు. నాకు మాత్రం వాళ్లను చెంప మీద ఒకటి పీకాలనిపిస్తుంది. తగ్గిందండీ అంటాను.

వారం తిరక్కుండా ఆ మెట్లకు గేటు పెట్టి తాళం వేశారు. సేఫ్టీ అట. బోటు టికెట్టు కొన్నవాళ్లకు తీస్తారు. మా పెద్దమ్మ వల్ల చెరువుకు ఇంకొక తాళం పడ్డదన్నమాట.

అయ్యగారు రెండుసార్లు ఇంటికొచ్చి అడిగాడు. నేనూ బతిమాలాను, కోప్పడ్డాను కూడా. "తొట్టిల మునిగితే ఏం పోతది పెద్దమ్మా? దేవుడు తొట్టి జూస్తడా?" అన్నాను. "దేవుడు ఏమనడే. నేను మాటిచ్చింది తొట్టికి గాదు" అంది.

చర్చికి మాత్రం వస్తుంది. మొన్న మొదటి ఆదివారం నేను ముందు వరస వదిలి వెళ్లి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాను. పళ్లెం వచ్చింది. ఈసారి ఆమె తల దించుకోలేదు, కొంగు సర్దుకోలేదు. పళ్లెం రెండు చేతులా అందుకుని, రొట్టెను ఒకసారి చూసి, నాకు అందించింది. "తీస్కో బిడ్డా" అంది, అన్నం వడ్డించినట్టు. నేను తీసుకున్నాను.

పరుగు మానేద్దామనుకున్నాను. నాలుగు రోజులు మానేశాను కూడా. కాళ్లు గుంజాయి, షుగర్ పెరిగింది, ఇంట్లో అందరి మీదా అరిచాను. అయిదో రోజు బూట్లు వేసుకుని వెళ్లాను. గుట్టలమీంచి ఎండ పడుతోంది. ట్రాకు మెత్తగా ఉంది. సగం దూరం పోయేసరికి నిజంగానే అన్నీ మర్చిపోయాను. ఒట్టేసి చెబుతున్నాను, సంతోషంగానే ఉరికాను. సిగ్గులేని ఒళ్లు నాది.

పెద్దమ్మ ఇప్పుడు నా వెంట రాదు. నేను తిరిగొచ్చేసరికి గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ ఉంటుంది. బస్సు దొరికిందా అని అడగడం మానేసింది. నిన్న చాలా రోజులకు నోరు విప్పింది.

"చెరువెట్లున్నదే?"

"మస్తున్నది పెద్దమ్మా. నిండింది."

"నీళ్లు ముట్టినవా?"

"లే. ఏడ ముట్టనిస్తాండ్రు?"

చేటలోంచి ఒక రాయి ఏరి బయటికి విసిరింది.

"అయితె ఊకనే ఉరికొచ్చినవా?"

"ఊ, ఊకనే" అన్నాను. బూట్ల ముడి ఎంతకీ ఊడలేదు.